మేమూ గట్క తిని పెరిగినవాళ్లమే: పేరొచ్చిన గాయకులు చెప్పే పేదరికం కథలు

గడియారం సెంటర్ (నల్లగొండ), ఉదయం 6:40

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా పట్టణంలో జరిగిన ఒక సన్మాన సభకు వెళ్లాను. సన్మానం అందుకున్నది మన పాత నల్లగొండ జిల్లాలోనే పుట్టి, జానపద వీడియోలతో మొదలై సినిమా పాటల దాకా ఎదిగిన ఒక గాయకుడు. ఆయన పేరు రాయను, ఎవరూ ఊహించి రాయవద్దని కూడా మనవి. శాలువాలు, జ్ఞాపికలు అయ్యాక ఆయన మైకు అందుకుని నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో పాట గురించి పది నిమిషాలు కూడా లేదు. మిగిలినదంతా చెప్పుల్లేకుండా బడికి నడవడం, పొద్దున గట్క (జొన్న సంకటి), రాత్రి గట్క, తెల్లన్నం పండుగ పూట మాత్రమే చూడడం, కందిలి వెలుగులో చదవడం. సభలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేను కూడా తుడుచుకున్నాననే చెప్పాలి.

నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆ గాయకుడి ఊరివాడు, ఒకే బడిలో చదివినవాడు. ఆయన చప్పట్లు కొడుతూనే నా చెవి దగ్గరికి వంగి, "వాళ్ల నాయన ఆ రోజుల్లోనే రాజ్‌దూత్ బండి మీద తిరిగేటోడు సార్" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ కన్నీళ్ల మీద అనుమానం పట్టుకుంది.

ఇలాంటిదే ఇంగ్లండులో జరిగింది. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బెక్‌హమ్ డాక్యుమెంటరీలో, ఒకప్పటి స్పైస్ గర్ల్స్ గాయని విక్టోరియా బెక్‌హమ్ తాము కష్టజీవుల కుటుంబాల నుంచి వచ్చామని చెబుతుండగా, ఆమె భర్త డేవిడ్ తలుపు సందులోంచి తల పెట్టి "నిజం చెప్పు" అన్నాడు. మీ నాన్న నిన్ను ఏ కారులో బడికి దింపేవాడని మళ్లీ మళ్లీ అడిగితే, ఆమె కాసేపు దాటవేసి, చివరికి ఎనభైల్లో తమకు రోల్స్‌రాయిస్ ఉండేదని ఒప్పుకుంది. ఆ బృందంలో ఆమెకున్న ముద్దుపేరే 'పాష్' (దర్జా ఇంటి మనిషి అని అర్థం) అన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా ఎక్కువ నవ్వుకున్నారు. మరుసటి ఏడాది ఆ దంపతులే ఆ సన్నివేశాన్ని వెక్కిరించుకుంటూ ఒక ప్రకటనలో నటించి డబ్బు కూడా చేసుకున్నారు.

నా ప్రశ్న ఇదీ. డబ్బు, పేరు, మేడలు అన్నీ వచ్చినవాళ్లకు పేదరికం కూడా తమదే కావాలన్న కోరిక ఎందుకు? మీకు తెలిసిన ఉదాహరణలతో రాయగలరు.

డిండి వాగు (దేవరకొండ), ఉదయం 8:15

సార్, ఇది కొత్త రోగం కాదు. పాశ్చాత్య సంగీతంలో దీనికి అరవై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ కుర్రతనంలో న్యూయార్క్ చేరినప్పుడు, తాను ఇల్లు వదిలి పారిపోయానని, సర్కస్ లాంటి సంచార మేళాలతో తిరిగానని చెప్పుకునేవాడు. 1963లో న్యూస్‌వీక్ పత్రిక ఆరా తీస్తే ఆయన అసలు పేరు రాబర్ట్ జిమర్‌మన్ అని, మిన్నెసోటాలోని హిబ్బింగ్ అనే ఇనుప గనుల పట్టణంలో తండ్రికి ఫర్నిచరు, కరెంటు సామాన్ల దుకాణం ఉందని, తనకు సంబంధాలే లేవన్న ఆ తల్లిదండ్రులు కొడుకు కచేరీ చూడడానికి అదే న్యూయార్క్‌కు వచ్చారని బయటపడింది. ఆ గని కార్మికుల కష్టాన్ని ఆయన దుకాణం అరుగు మీద నిలబడి చూసి ఉండవచ్చు. అది కూడా చూడడమే కదా అని నేను కొంత మెత్తబడతాను.

వెనిల్లా ఐస్ అనే తెల్ల ర్యాప్ గాయకుడి విషయంలో మాత్రం మెత్తబడలేను. 1990లో ఆయన ప్రచార పత్రంలో మయామీ పేదవాడల్లో, ముఠాల మధ్య పెరిగినట్టు రాయించారు. డల్లాస్ పత్రికవాళ్లు వెతికితే ఆయన పెరిగింది ఎక్కువగా డల్లాస్ పక్కన ఉన్న క్యారల్టన్ అనే శివారు పట్టణంలోనని తేలింది. ర్యాప్ సంగీతం నల్లవారి వాడల్లో పుట్టింది కాబట్టి, ఆ పాట పాడాలంటే ఆ వాడ నీదై ఉండాలని కంపెనీలు లెక్క వేసుకున్నాయి. లండన్‌లో ది క్లాష్ బృందపు గొంతుగా వీధి కుర్రాళ్ల కోపాన్ని పాడిన జో స్ట్రమ్మర్ కూడా దౌత్య శాఖలో పనిచేసిన ఉద్యోగి కొడుకు. అంకారాలో పుట్టి, బోర్డింగు బడిలో చదివినవాడు. కొన్ని రకాల పాటలకు పేదరికమే ప్రవేశ రుసుము. లేనివాడు అప్పు తెచ్చి కడతాడు.

మిల్లు గల్లీ (మిర్యాలగూడ), ఉదయం 9:02

పెద్దలు క్షమించాలి, నాకు ఈ చర్చ మొదలైన తీరే నచ్చలేదు. ఒక మనిషి తన బాల్యం గురించి చెప్పుకుంటే, పక్కవాడి చెవిమాట పట్టుకుని అబద్ధమని తేల్చడం న్యాయమా? మా తాతకు వడ్ల వ్యాపారం ఉండేది, ఇంటి ముందు లారీ ఆగేది, అయినా కరువు వచ్చిన సంవత్సరాల్లో మా ఇంట్లో కూడా జొన్న గట్కే వండారని మా నానమ్మ చెప్పేది. బయటికి కనిపించే బండి ఒకటి, లోపలి కుండ ఒకటి. రాజ్‌దూత్ ఉన్న ఇంట్లో ఆకలి ఉండదని ఎవరు చెప్పారు?

ఇంకో మాట. జెన్నిఫర్ లోపెజ్ 2002లో తాను ఇప్పటికీ పాత వాడ పిల్లనేనని పాట పాడితే, ఆ పాట వీడియోలో విలాస నౌక మీద కూర్చుందని ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నారు. కానీ ఆమె నిజంగానే న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టి పెరిగింది. 1999లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌కు ఆ వాడకు వెళ్లే 6వ నంబరు రైలు పేరే పెట్టుకుంది. నౌక ఎక్కితే బ్రాంక్స్ చెరిగిపోవాలా? మనవాడు పెద్దకారులో వచ్చాడన్న దుగ్ధ మనలో కూడా ఉందేమో చూసుకోవాలి.

పాలపిట్ట (సూర్యాపేట, ప్రస్తుతం హైదరాబాద్), ఉదయం 10:30

మిల్లు గల్లీ అన్నగారు చెప్పినదానిలో "మా నానమ్మ చెప్పేది" అన్న మాట దగ్గర నేను ఆగాను, ఎగతాళికి మాత్రం కాదు. నేను సమాజశాస్త్రం విద్యార్థిని. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన శామ్ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు కలిసి 2021లో ప్రచురించిన ఒక పరిశోధనలో సరిగ్గా ఇదే విషయం ఉంది. బ్రిటన్‌లో నటన, టెలివిజన్, అకౌంటెన్సీ వంటి మంచి ఉద్యోగాల్లో ఉన్న 175 మందిని వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. అందులో కలిగిన ఇళ్లలో పుట్టినవాళ్లు చాలామంది తమను శ్రామిక కుటుంబాల బిడ్డలుగా చెప్పుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమ బాల్యం దగ్గర కథ మొదలుపెట్టకుండా, గనిలో పనిచేసిన తాత దగ్గరో, ఇళ్లల్లో పాచిపని చేసిన నానమ్మ దగ్గరో మొదలుపెట్టారు, అంతే. కథ అంత వెనుక నుంచి మొదలైతే, మధ్యలో ఉన్న మంచి బడి, సొంత ఇల్లు, తండ్రి పరిచయాలు చిన్నవిగా కనబడి, వచ్చిన పేరంతా తన రెక్కల కష్టంగా మిగులుతుంది.

2016లో వెలువడిన బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వేలో, మేనేజర్లు, వృత్తి నిపుణుల స్థాయి ఉద్యోగాల్లో ఉన్నవారిలో 47 శాతం మంది తమది శ్రామికవర్గమని చెప్పారు. కాబట్టి విక్టోరియా బెక్‌హమ్ ఒంటరి మనిషి కాదు, ఆమె ఇంట్లో తలుపు సందులోంచి తల పెట్టే మనిషి ఉండడమే తేడా.

మన దగ్గర ఈ తాత కథ ఇంకా తేలిక. తెలంగాణలో ఏ ఇంట్లోనైనా రెండు తరాలు వెనక్కి వెళితే వెట్టి, కరువు, వలస ఏదో ఒకటి తగులుతుంది. చెప్పదలచుకున్నవాడికి సరుకు లేకపోవడమనేది ఉండదు.

మిల్లు గల్లీ (మిర్యాలగూడ), ఉదయం 10:48

చెల్లెమ్మా, దెబ్బ సరిగ్గా తగిలింది. ఆ కరువు గట్క నేను తినలేదు. మా నాన్న తిన్నాడో లేదో కూడా అడగలేదు.

గద్వాల జరీ (గద్వాల), మధ్యాహ్నం 12:20

నేను రాసేది పాత అమెరికన్ కంట్రీ పాటలు వినే అలవాటు కొద్దీ రాస్తున్నాను. నిజమైన పేదరికం కథకు, అరువు తెచ్చుకున్న కథకు తేడా ఎక్కడ దొరుకుతుందో డాలీ పార్టన్‌ను చూస్తే తెలుస్తుంది. ఆమె 1946లో టెనెసీ కొండల్లో ఒంటిగది చెక్క ఇంట్లో, పన్నెండు మంది పిల్లల్లో నాలుగో బిడ్డగా పుట్టింది. కాన్పు చేసిన డాక్టరుకు ఇవ్వడానికి డబ్బు లేక, ఆమె తండ్రి ఒక బస్తా మక్కపిండి ఇచ్చాడట. ఎవరో ఇచ్చిన గుడ్డ పేలికలతో తల్లి కుట్టిన కోటు వేసుకుని బడికి పోతే పిల్లలు నవ్వారని 1971లో పాట చేసింది. మన ఇళ్లల్లో పాత చీరల ముక్కలతో బొంత కుట్టడం చూసినవాళ్లకు ఆ పాట అర్థం కావడానికి ఇంగ్లీషు కూడా అక్కరలేదు. నేను చిన్నప్పుడు బొంత మీది ప్రతి గుడ్డముక్కనూ ఇది పెద్దత్త చీర, ఇది తాత రుమాలు అని వేలితో చూపించేదాన్ని. నేత ఇంట్లో పుట్టి కూడా కొత్త చీర కట్టని ఆడవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, అది వేరే సంగతి.

డాలీ ఆ పేదరికాన్ని అమ్ముకోలేదని నేను అనను. 1986లో తెరిచిన ఆమె వినోదవనం డాలీవుడ్‌లో తాను పెరిగిన ఇంటి నమూనా కట్టించి, టికెట్టు కొన్నవాళ్లందరికీ చూపిస్తోంది. కానీ చదువురాని తన తండ్రిని తలుచుకుని 1995లో చిన్నపిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంపే పని మొదలుపెట్టింది, ఇప్పటికి పంపినవి ఇరవై కోట్లు దాటాయి. పైగా తన వేషం గురించి, ఇంత చవకగా కనబడడానికి చాలా ఖర్చవుతుందని తానే నవ్వుతుంది. తన మీద తానే వేసే ఆ చురక ఉన్నచోట నాకు అనుమానం తగ్గుతుంది.

మరో కంట్రీ గాయని లొరెట్టా లిన్ సంగతి ఇంకో రకం. కెంటకీ బొగ్గుగని కార్మికుడి కూతురు, ఎనిమిది మందిలో రెండోది, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా పదమూడేళ్లకే పెళ్లయిందని జీవితమంతా చెప్పుకుంది. 2012లో జనన ధ్రువపత్రం బయటపడితే ఆమె చెప్పినదానికన్నా మూడేళ్లు పెద్దదని, పెళ్లినాటికి పదిహేనేళ్లని తేలింది. పదిహేనేళ్లకు పెళ్లి చాలదా? నిజంగా కష్టపడినవాళ్లకు కూడా ఆ కష్టం వినేవాళ్లకు సరిపోదేమోనన్న భయం ఉంటుందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఆమె మీద కోపం రాలేదు, జాలి వేసింది.

డిండి వాగు (దేవరకొండ), మధ్యాహ్నం 1:05

అక్కా, ఆ చురక మాట మీదే అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను కూడా చేర్చాలి. ఫ్యాక్టరీ కూలీల మీద జీవితమంతా పాటలు రాసిన ఆ మనిషి, 2017లో బ్రాడ్‌వే వేదిక మీద నిలబడి, తాను ఒక్కరోజు కూడా ఫ్యాక్టరీ లోపల పని చేయలేదని, అయినా రాసినదంతా దాని గురించేనని ప్రేక్షకుల ముందు ఒప్పుకున్నాడు. ఆ కష్టం తన తండ్రిది. నాలుగేళ్ల తర్వాత తన పాటల హక్కులను సుమారు 50 కోట్ల డాలర్లకు సోనీకి అమ్మాడని వార్తలు వచ్చాయి. ఒప్పుకున్నాడు కాబట్టి గౌరవించాలా, ఒప్పుకోవడం కూడా ప్రదర్శనలో భాగమే, దానికీ టికెట్టు ఉంది కదా అని నవ్వాలా, నేను ఇంకా తేల్చుకోలేదు.

పాలమూరు బిడ్డ (మహబూబ్‌నగర్), సాయంత్రం 4:40

పొద్దుటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని రెండుసార్లు రాసి చెరిపేశాను. నేను గాయకుణ్ణి కాను, పేరున్నవాణ్ణి కూడా కాను, అయినా గడియారం సెంటర్ సార్ చూసిన ఆ ఉపన్యాసం లాంటిది నేనూ ఇచ్చాను.

మా నాయన పాలమూరు లేబర్. ఆ మాట ఈ రోజు పిల్లలకు ఒక పాటలోనో, ఉద్యమ ప్రసంగంలోనో వినబడి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం అది గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, వేలిముద్ర వేసి, గంపా పారా పట్టుకుని లారీ ఎక్కడం. నాగార్జునసాగర్ మట్టి మా తాత మోశాడు. తర్వాతి కాల్వలు, కట్టలు, బొంబాయిలో మట్టిపనులు మా నాయన, అమ్మ చేశారు. నేను మాత్రం నానమ్మ దగ్గర ఊళ్లో ఉండి, ఆ తర్వాత సర్కారు హాస్టల్లో చదువుకుని, బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నాను. నేను ఒక్క గంప కూడా ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు అనడం సరైన మాట.

రెండేళ్ల కింద నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు మా కార్యాలయంలో చిన్న సభ పెట్టారు. అమ్మానాయనలను కూడా తీసుకుని వెళ్లాను. అక్కడ మాట్లాడుతూ, మేము గంపలు మోశాం, బొంబాయిలో రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టాల కింద పడుకున్నాం, వానొస్తే రాత్రంతా కూర్చునే ఉన్నాం అని చెప్పాను. "మేము" అనే మాట ఎంత సులభంగా నోట్లోకి వచ్చిందో నాకే తెలియదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా మేనేజరు గారు వచ్చి మా నాయన చేతులు పట్టుకుని ఆ కాయలు తడిమి చూశారు. నాయన చేతులు వెనక్కి తీసుకోలేక, అలాగని ఉంచలేక నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఆ రాత్రి ఆయన నన్ను కోప్పడలేదు. అన్నం తింటూ ఒకటే అడిగాడు. "అంతా చెప్పినవు, మంచిగనే చెప్పినవు. మూడు నెలల కూలి ఎగ్గొట్టి పోయిన మేస్త్రీ సంగతి ఎందుకు చెప్పలే?" నా దగ్గర జవాబు లేదు. అది చెబితే సభ వేరేలా అయ్యేది. అక్కడ కూర్చున్నవాళ్లలో కాంట్రాక్టర్లు ఉన్నారు, మా బ్యాంకు ఖాతాదారులు ఉన్నారు. నేను ఆకలి చెప్పాను, ఆకలి పెట్టినవాణ్ణి వదిలేశాను. అప్పటి నుంచి ఎవరైనా పేరున్న మనిషి పేదరికం కథ చెబితే, నేను ఆ కథ నిజమా అబద్ధమా అని చూడడం మానేశాను. అందులో ఆ మేస్త్రీ ఉన్నాడా లేడా అనే చూస్తున్నాను. దాదాపు ఎవరి కథలోనూ ఉండడు. వాన పడ్డట్టు, ఎండ కాసినట్టు పేదరికం దానంతట అదే వచ్చి, ఆ పిల్లవాడి ప్రతిభ చూసి దానంతట అదే వెళ్లిపోతుంది.

గడియారం సెంటర్ (నల్లగొండ), సాయంత్రం 6:10

తమ్ముడూ, నీ పోస్టు మూడుసార్లు చదివాను. నేను లెక్చరర్‌గా ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి కూడా ఈ కోణంలో ఆలోచించలేదని ఒప్పుకోవాలి.

నీవు చెప్పిన మేస్త్రీ ఉన్న పాటలు మన నేల మీద లేకపోలేదు. మన పాత నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతు గారు సాయుధ పోరాట కాలంలో రాసిన పశువుల కాపరి పాటనే తీసుకోండి. ఆ పాటలో చలిగాలికి సగం ఖాళీ అయిన చింపులంగీ ఉంది, గోనెచింపు కొప్పెర ఉంది, తల్లి పాలు మరిచి ఎన్నాళ్లయిందో అని అడిగే జాలి ఉంది. సభలో మా గాయకుడు చెప్పినవి కూడా ఇలాంటివే. కానీ హనుమంతు గారు అక్కడితో ఆగకుండా, నీ జీతం ఎంత, ఎలాంటి గింజలు కొలుస్తున్నారు అని ఆ పిల్లవాణ్ణి అడుగుతారు. తాలు కలిపిన గాసం (జీతంగా కొలిచే గింజలు) పాటలోకి వచ్చిందంటే దాన్ని కొలిచిన చెయ్యి కూడా వచ్చినట్టే. ఆ పాట పాడినందుకు సన్మానాలు కాదు, అజ్ఞాతవాసం దొరికే రోజులవి.

మరో తేడా కూడా గమనించాను. ఆ పాట 'నేను' అనదు, 'నీవు' అంటుంది. వినేవాడికి కవి మీద జాలి కలిగే అవకాశమే లేదు.

నల్లమల నీడ (అచ్చంపేట), రాత్రి 7:35

పేరొచ్చాక పేదరికం చెప్పుకునేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. పేరొచ్చినా పేదరికం పోనివాళ్లు మా వైపు ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారు మా నాగర్‌కర్నూల్ జిల్లావారు. పండుగ సాయన్న వీరగాథను ఊరూరా తిరిగి పాడిన కుటుంబం. 2021లో ఒక పెద్ద సినిమా పాటకు ఆరంభం ఆయన గొంతుతో వచ్చింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కట్టడం పని దగ్గర కూలి చేస్తూ కనిపించిన వీడియో అందరూ చూశారు. ఆయన పేదరికం గురించి ఉపన్యాసం ఇవ్వనవసరం లేకపోయింది, ఫోన్లున్నవాళ్లే తీసి పంచారు.

అందుకే ఈ కథలు చెప్పుకోగలగడం కూడా ఒక స్థాయి అనిపిస్తుంది. గట్క తిన్న రోజుల గురించి తీరికగా చెప్పాలంటే, ఈ పూట ఏం తినాలన్న బెంగ తీరి ఉండాలి.

ఆయన జిల్లావారే అయిన గోరటి వెంకన్న గారిని కూడా గుర్తు చేస్తాను. ఎమ్మెల్సీ అయ్యారు, 2021కి సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఆయన పల్లె పాటల్లో కన్నీరు పెట్టేది ఊరు. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, సాలెల మగ్గం ఏమయ్యాయో ఒక్కొక్కటిగా అడుగుతారు, దాని వెనుక కనిపించని కుట్ర ఉందని కూడా అంటారు. ఇప్పుడు పాలమూరు బిడ్డ గారి మేస్త్రీ లెక్క వేస్తే ఆ పాట గట్టెక్కుతుంది.

మిల్లు గల్లీ (మిర్యాలగూడ), రాత్రి 8:20

పొద్దున నేను ఆ గాయకుడి తరఫున మాట్లాడాను, ఇప్పటికీ కొంత అటే ఉన్నాను. కారణం చెబుతాను. ఆ కథ ఆయనతో చెప్పించేది మనమే. టీవీలో పాటల పోటీలు చూడండి. పిల్లవాడు పాడేముందు వాళ్ల రేకుల ఇల్లు, పొయ్యి ముందు తల్లి, ఆటో తుడుస్తున్న తండ్రి, వెనుక ఏడుపు సంగీతం, ఇవన్నీ రెండు మూడు నిమిషాలు చూపిస్తారు. మా బంధువుల అమ్మాయి ఒక పోటీకి ఎంపికైనప్పుడు వాళ్లు ఇల్లు చూడడానికి వచ్చారు. మేడ ఇల్లు చూసి నిరాశపడి, "మీకు కష్టాలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఆమె అమాయకంగా, తాతగారికి షుగర్ అని చెప్పింది. చివరికి ఆయన మాత్రల డబ్బానే దగ్గరగా తీసి వేశారు. అమ్మాయి స్వరం శుద్ధంగా ఉందన్న మాట ఎవరికీ గుర్తు లేదు, తాతగారి షుగర్ మాత్రం మిర్యాలగూడ అంతా తెలుసు.

ప్రతిభ ఒక్కటే ఉంటే మనకు చాలదు. కలిగినవాడు బాగా పాడితే వాడికేం, నేర్పించారు అంటాం. ఆ మాట పడకుండా ఉండడానికి ఎవరైనా ఒక గట్క గిన్నె వెతుక్కుంటారు.

పాలపిట్ట (సూర్యాపేట, ప్రస్తుతం హైదరాబాద్), రాత్రి 8:41

అన్నగారూ, కలిగినవాడికి నేర్పించారన్నది నింద కాదు కదా, నిజమే కదా. గురువు ఫీజు, హార్మోనియం, స్టూడియో అద్దె ఎవరు కట్టారో చెబితే సరిపోతుంది. దాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడి తాత గట్క దగ్గరికి పోవడమే నేను పొద్దున ప్రస్తావించిన పరిశోధన సారం. ఆ షుగర్ మాత్రల సంగతికి మాత్రం గట్టిగా నవ్వాను, క్షమించండి.

గడియారం సెంటర్ (నల్లగొండ), మరుసటి రోజు, ఉదయం 11:15

సభ్యులకు ఒక సవరణ. మిల్లు గల్లీ గారు చెవిమాట పట్టుకున్నానని అన్నప్పటి నుంచి మనసులో గుచ్చుతూనే ఉంది. ఇవాళ పొద్దున ఆ పెద్దమనిషికి ఫోను చేసి రాజ్‌దూత్ సంగతి వివరంగా అడిగాను. బండి ఉన్న మాట నిజమే, కానీ అది వాళ్ల సొంతం కాదట. గాయకుడి తండ్రి ఒక ఎరువుల, విత్తనాల వ్యాపారి దగ్గర గుమస్తా. ఉద్దెర ఇచ్చిన రైతుల దగ్గర బాకీలు వసూలు చేయడానికి షావుకారు ఇచ్చిన బండి అది. నెలజీతం చాలా తక్కువని, వాళ్లింట్లో గట్క వండిన రోజులు తాను కూడా చూశానని ఆయనే చెప్పారు. "మరి ఆ రోజు అట్లెందుకు అన్నారు?" అని అడిగితే, "బండి ఉన్న మాట అబద్ధం కాదుగా సార్" అన్నారు.

కాబట్టి మొదటి పోస్టులో నేను వ్యక్తం చేసిన అనుమానాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గాయకుడు చెప్పిన గట్క నిజమే. ఆయనకు తెలియకుండా ఆయన గురించి తప్పుగా రాసినందుకు నొచ్చుకుంటున్నాను.

పాలమూరు బిడ్డ (మహబూబ్‌నగర్), ఉదయం 11:50

సార్, సవరణ రాసినందుకు గౌరవం పెరిగింది. అయితే ఆ నలభై నిమిషాల ఉపన్యాసంలో ఆయన ఆ బండి గురించి ఒక్క మాటైనా చెప్పారా? వాళ్ల నాయన రోజూ పొద్దున దాని మీద ఎవరెవరి ఇళ్లకు పోయేవాడో?

గడియారం సెంటర్ (నల్లగొండ), మధ్యాహ్నం 12:05

చెప్పలేదు. గుర్తు చేసుకుని మరీ రాస్తున్నాను, బండి ప్రస్తావనే రాలేదు.

డిండి వాగు (దేవరకొండ), మధ్యాహ్నం 2:30

నిన్నటి నుంచి నేను ఈ చర్చలో డిలాన్, స్ప్రింగ్‌స్టీన్ అంటూ దూరపు సంగతులే రాశాను. రాజ్‌దూత్ అనగానే నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది కానీ, రాయడానికి మనసు రాలేదు. మా ఊరికి కూడా అలాంటి బండి ఒకటి వచ్చేది. ఆ గాయకుడి తండ్రిదే అయి ఉంటుందని నేను అనడం లేదు, అప్పట్లో ప్రతి షావుకారుకూ అలాంటి గుమస్తా ఒకడు ఉండేవాడు. రాజ్‌దూత్ చప్పుడు వేరేగా ఉంటుంది, వాగు అవతల ఉండగానే వినబడుతుంది. అది వినగానే మా నాయన గొడ్ల కొట్టం వెనుక నుంచి చెలకలోకి నడిచేవాడు. మా అమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న గట్క కుండను కొంగుతో పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి, పైన చాట బోర్లించి వచ్చి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పమని నన్ను గడప మీద కూర్చోబెట్టేది.